చిట్టా చిరిగింది, బస్తాలు మిగిలాయి: ఎనుమాముల అడ్తి దుకాణం ఎస్‌ఎస్‌డీ కేసు

మార్చి రెండో వారం. శుక్రవారం రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ వచ్చింది. అవతల వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి (కమీషన్ దుకాణం) నడిపే సేటు.

"మా పిలగాడు కంప్యూటర్‌కు ఏదో అప్‌డేట్ పెట్టిండు. ఇప్పుడు డిస్కే కనవడుతలేదంటున్నడు. యూట్యూబ్‌ల చూసి ఇంకేదో చేస్త అంటున్నడు. చెయ్యమనాల్నా?"

"వద్దు సేటు. కరెంటు తీసేసి పక్కన పెట్టమనుండ్రి. పొద్దున నేను చూసేదాక ఎవ్వరు ముట్టొద్దు" అన్నాను.

ఈ కేసు మీద తొమ్మిది రోజులు కూర్చున్నాను. లెక్క తీస్తే, ఆ రాత్రి చెప్పిన ఆ రెండు ముక్కలే అన్నింటికన్నా ఎక్కువ డేటాను కాపాడాయి.

హనుమకొండలో నాది చిన్న డేటా రికవరీ షాపు. వచ్చేవాటిలో ఎక్కువ భాగం పెన్‌డ్రైవ్‌లు, పెళ్లి ఫొటోల మెమరీ కార్డులు, చేతిలోంచి జారిపడ్డ హార్డ్‌డిస్కులు. తిరిగే పళ్లాలు లేకుండా చిప్పుల్లోనే డేటా దాచే ఎస్‌ఎస్‌డీలు ఈ నాలుగైదేళ్లలో పెరిగాయి. వాటి కోసమే అప్పు చేసి, చెడిన డిస్కుల నుంచి డేటా తీసే పీసీ-3000 అనే పరికరం తెచ్చుకున్నాను. అంత చిన్న పెట్టెకు అంత ధర ఎందుకో బ్యాంకు మేనేజర్‌కు చెప్పడానికే రెండు పూటలు పట్టింది.

సేటు ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. దుకాణం పేరు రాయను. డిస్క్ కంపెనీ పేరూ రాయను, దానికి కారణం వేరే. ఒకే కంట్రోలర్ (డిస్క్‌ను నడిపే చిప్), ఒకే రకం ఫ్లాష్ చిప్పులు (డేటా దాచేవి) రకరకాల స్టిక్కర్లు వేసుకుని అంగళ్లలో తిరుగుతుంటాయి. ఒక పేరు రాస్తే మిగతా పేర్లవి కొన్నవాళ్లు "మనది కాదులే" అనుకుని పేజీ తిప్పేస్తారు.

డిస్క్ మీద ఏముంది

అడ్తి దుకాణం సంగతి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. రైతు మిర్చి బస్తాలు యార్డుకు తెస్తాడు. ఖరీదుదారు ధర కడతాడు, కాంటా అవుతుంది, అడ్తిదారు తక్‌పట్టీ రాసిస్తాడు. ఎన్ని బస్తాలు, ఎన్ని క్వింటాళ్లు, ధర ఎంత, హమాలీ ఎంత, దడ్వాయి (తూకం కూలి) ఎంత, చివరికి రైతు చేతికి ఎంత, అన్నీ ఆ చీటీలోనే ఉంటాయి. దుకాణంలో కార్బన్ కాపీ మిగులుతుంది. సాయంత్రం గుమస్తా వాటిని ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తాడు. పెట్టుబడికి రైతులకు ఇచ్చిన అప్పులు, ఖరీదుదారుల నుంచి రావాల్సిన బాకీలు కూడా అందులోనే. మార్చి అంటే యార్డు తేజ మిర్చితో ఎర్రబడే నెల, పైగా లెక్కల సంవత్సరం ముగిసే నెల.

ఇదంతా ఒక్క 240 జీబీ సాటా (కేబుల్‌తో మదర్‌బోర్డుకు తగిలించే రకం) ఎస్‌ఎస్‌డీ మీద ఉంది. సీ డ్రైవ్‌లో విండోస్, డీలో ట్యాలీ డేటా. "మరి బ్యాకప్?" అని అడిగితే గుమస్తా కాస్త నొచ్చుకున్నారు. పెద్దాయన, ఆ దుకాణంలోనే జుట్టు నెరిసింది. బ్యాకప్ తీయకుండా షట్టర్ దించిన రోజు లేదన్నారు. నిజమే, రోజూ తీశారు. ఈ (E) అనే డ్రైవ్‌లోకి. అది అదే డిస్క్‌లో మూడో భాగం. బీరువా మారు తాళంచెవిని బీరువాలోనే భద్రంగా దాచుకున్నట్టు.

డిస్క్ బయట ఉన్న చివరి కాపీ ఒక పెన్‌డ్రైవ్‌లో దొరికింది. అది 41 రోజుల పాతది.

తమ్ముడు చెప్పిన కథ

శనివారం పొద్దున డిస్క్‌ను సేటు చిన్న కొడుకే తెచ్చాడు. ఇంజనీరింగ్ మూడో ఏడు, నాకు తమ్ముడిలాంటివాడు. డిస్క్ సీలు చిరిగి ఉంది, మూత ఊడి ఉంది. ముఖం చూస్తే రాత్రంతా నిద్రపోలేదని తెలుస్తోంది. ఇలాంటప్పుడు తిట్టకూడదు. తిడితే కథలో సగం దాచేస్తారు. నాకు కావాల్సింది ఆ సగమే.

నెల రోజులుగా కంప్యూటర్ రోజుకు రెండు మూడు సార్లు బిగుసుకుపోతోందట. అర నిమిషం మౌస్ కదలదు, మళ్లీ మామూలే. రైతులు నిలబడి ఉండగా ఇలా అయితే సేటుకు టెన్షన్. కొడుకు డిస్క్ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఎక్కించి చూశాడు. ఆరోగ్యం బాగుందని చూపించింది, పక్కనే "కొత్త ఫర్మ్‌వేర్ ఉంది" అని కూడా. ఫర్మ్‌వేర్ అంటే డిస్క్‌ను నడిపే దాని లోపలి ప్రోగ్రామ్. శని, ఆదివారాలు మార్కెట్‌కు సెలవు కాబట్టి శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టాడు. ముహూర్తం మాత్రం బాగానే చూసుకున్నాడు.

గీత నూరు శాతం దాకా వచ్చింది. రీస్టార్ట్ అడిగింది, నొక్కాడు. స్క్రీన్ నల్లగా అయిపోయింది.

"ఎంతసేపు ఆగినవ్ తమ్మీ?"

"పది నిమిషాలు అన్నా."

కాసేపయ్యాక టీ తాగుతూ మళ్లీ అడిగాను. ఏడెనిమిది అన్నాడు. మూడోసారి అడిగితే తల దించుకుని, "మూడు నిమిషాలు ఉండొచ్చు. తర్వాత బటన్ గట్టిగ ఒత్తిపట్టిన" అన్నాడు.

ఆ తర్వాత డిస్క్ తన పేరే మర్చిపోయింది. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్) ఎప్పుడూ వినని పేరు, సైజు సున్నా. ఇంటర్నెట్‌లో ఆ పేరు వెతికితే "పోయిన ఎస్‌ఎస్‌డీని పది నిమిషాల్లో బతికించండి" అనే వీడియోలు వరసగా వచ్చాయి. మూత తీసి, బోర్డు మీద రెండు చుక్కలను పిన్నుతో కలిపి, ఫ్యాక్టరీలో వాడే టూల్ నడపమని వాటి సారాంశం. టూల్ డౌన్‌లోడ్ చేశాడు, మూత తీశాడు. ఆ రెండు చుక్కలు ఏవో తేలక ఆగాడు. అప్పుడే సేటు నాకు ఫోన్ చేశారు.

ఆ వీడియోలు అబద్ధం చెప్పడం లేదు. డిస్క్ నిజంగానే బతుకుతుంది. ఆ టూల్ ఫ్యాక్టరీలో కొత్త డిస్క్‌ను తయారుచేసేది. చిప్పులన్నీ తుడిచి, చెడ్డ బ్లాకుల జాబితా కొత్తగా రాసి, కొత్త ఫర్మ్‌వేర్ వేస్తుంది. డిస్క్ లేచి కూర్చుంటుంది, లోపల ఏమీ ఉండదు. ఆ తర్వాత పీసీ-3000 తెచ్చినా, దేవుడు దిగివచ్చినా చేయగలిగింది లేదు. ఏడాదిలో ఇలా "బతికిన" డిస్కులు నా దగ్గరకు మూడు నాలుగు వస్తాయి. వాటిని అలాగే తిప్పి పంపడం తప్ప దారి లేదు.

బల్ల మీద

బోర్డు చిన్నది. ఒక కంట్రోలర్, నాలుగు ఫ్లాష్ చిప్పులు. తాత్కాలిక మెమరీగా పనిచేసే డీర్యామ్ చిప్ లేదు. చవక డిస్కుల్లో ఇది మామూలే. 5 వోల్టుల లైన్ మీద కరెంటు తీసుకోవడం సవ్యంగానే ఉంది, ఏదీ షార్ట్ కాలేదు, ఏదీ కాలలేదు. అంటే రోగం సామాను‌ది కాదు, బుద్ధిది.

కంట్రోలర్ లోపల మార్చడానికి వీల్లేని చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది. దాని పని ఒకటే: ఫ్లాష్ చిప్పుల్లో ఒక మూలన దాచిన అసలు ఫర్మ్‌వేర్‌ను వెతికి లోపలికి ఎక్కించుకోవడం. అది కుదరకపోతే కంట్రోలర్ పుట్టినప్పటి పేరుతోనే పలుకుతుంది. సేటు కొడుకు చూసిన వింత పేరు అదే. 2011లో ఇంటెల్ 320 డిస్కుల్లో ఇలాంటిదే ఇంకో రూపం కనిపించింది. హఠాత్తుగా కరెంటు పోయి వచ్చాక కొన్ని డిస్కులు తమ సైజు 8 ఎంబీ అని చెప్పుకునేవి. ఆ ఏడాది ఆగస్టులో ఇంటెల్ దానికి ఫర్మ్‌వేర్ సవరణ ఇచ్చింది.

ఇక్కడ అసలు విషయం ఫర్మ్‌వేర్ కాదు, చిట్టా. దీన్ని సేటుకు యార్డు భాషలోనే చెప్పాను. హమాలీలు ఏ రైతు బస్తాలను ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దించుతారు. ఎవరివి ఎక్కడున్నాయో చిట్టాలో రాసుకుంటారు. విండోస్ "ఫలానా నంబరు గది ఇవ్వు" అని అడుగుతుంది. ఆ నంబరు సరుకు ఏ చిప్‌లో, ఏ బ్లాకులో, ఏ పేజీలో ఉందో చెప్పేది డిస్క్ లోపలి చిట్టా. ఫ్లాష్‌లో ఒకసారి రాసిన పేజీ మీద మళ్లీ రాయడం కుదరదు. అందుకే లెక్క మారిన ప్రతిసారీ కొత్త పేజీ ఇంకెక్కడో పడుతుంది, చిట్టాలో చిరునామా మారుతుంది. పాత పేజీ కొట్టివేసిన బస్తాలా అక్కడే పడి ఉంటుంది. తీరిక దొరికినప్పుడు డిస్క్ బ్లాకు మొత్తాన్ని ఊడ్చేదాకా అది పోదు. ఈ "పోదు" అనే మాట గుర్తుంచుకోండి, తర్వాత నన్ను ఇబ్బంది పెట్టింది అదే.

డీర్యామ్ లేని డిస్కుల్లో ఈ చిట్టా చాలావరకు ఫ్లాష్‌లోనే ఉంటుంది. కావాల్సిన ముక్కను మాత్రం కంట్రోలర్ తన చిన్న మెమరీలోకి తెచ్చుకుని, మార్చి, మళ్లీ ఫ్లాష్‌లోకి రాస్తుంది. సర్వర్లలో వాడే చాలా ఎస్‌ఎస్‌డీల్లో కెపాసిటర్లు ఉంటాయి, కరెంటు పోయినా ఆ చివరి రాత పూర్తయ్యేంత శక్తి దాచుకుంటాయి. ఈ డిస్క్‌లో అవి లేవు.

"అయితే చిప్పులు పీకి నేరుగా చదవలేవా అన్నా?" అని తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. పాత పెన్‌డ్రైవ్‌లకు అది నడిచేది. ఇప్పటి కంట్రోలర్లు డేటాను గిలక్కొట్టి, చాలావాటిలో ఎన్‌క్రిప్ట్ కూడా చేసి రాస్తాయి. తాళంచెవి కంట్రోలర్ దగ్గరే ఉంటుంది. చిప్పులు పీకితే సరుకు చేతికొస్తుంది, అర్థం రాదు. కంట్రోలర్ ప్రాణంతో ఉండగానే దానితోనే చదివించుకోవాలి.

కంట్రోలర్‌ను దాని పుట్టుక స్థితిలోనే ఆపి, పీసీ-3000 నుంచి దాని మెమరీలోకి లోడర్ అనే చిన్న ప్రోగ్రామ్ పంపాను. ఫ్లాష్‌లో ఏమీ రాయదు, చదవడం మాత్రమే. డిస్క్ తన సొంత దుకాణం తెరవలేకపోతే మనం తాత్కాలికంగా ఒక గుమస్తాను లోపల కూర్చోబెట్టడం అనుకోండి. అప్పుడు లోపలి మూల కనిపించింది. అక్కడే ఈ కేసు గురించి నా అభిప్రాయం మారింది.

కొత్త ఫర్మ్‌వేర్ నిండుగా ఉంది. రెండు కాపీలూ సరిగ్గా ఉన్నాయి. అప్‌డేట్ ఫెయిల్ కాలేదు. చెడింది చిట్టా: కొత్త విడతలో సగం మాత్రమే రాసి ఉంది. నా అంచనా ఇది. గీత నూరు శాతం వచ్చిందంటే డిస్క్ ఫర్మ్‌వేర్‌ను తీసుకుందని అర్థం. రీస్టార్ట్ తర్వాత కొత్త ఫర్మ్‌వేర్ మొదటిసారి నిద్రలేచి, పాత చిట్టాను తన పద్ధతిలోకి సర్దుకుంటోంది. బయటికి కనిపించేది నల్ల స్క్రీనే. ఆ సమయంలో తమ్ముడు బటన్ ఒత్తిపట్టాడు.

ఎన్‌వీఎంఈ అనే ఇంకో రకం డిస్కుల్లో ఫర్మ్‌వేర్ కోసం 7 దాకా అరలు ఉండే వీలుంది. పాతదాన్ని ఒక అరలో ఉంచుకుని కొత్తది ఇంకో అరలో పెట్టొచ్చు. అది మంచి ఏర్పాటే. కానీ ఈ కేసులో అది కూడా పనికొచ్చేది కాదు, ఎందుకంటే చిట్టాకు అరలు లేవు.

గంటల లెక్కతో పోయే డిస్కులు

తమ్ముడు అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేశాడు: ఇక జన్మలో ఫర్మ్‌వేర్ ముట్టను. అది కూడా తప్పే. ఎందుకో చెప్పడానికి రెండు పాత కథలు చెప్పాను.

క్రూషియల్ ఎం4 అనే డిస్క్ 5,184 గంటలు నడిచాక ఆగిపోయేది. ఆపి మళ్లీ వేస్తే గంటసేపు పనిచేసి మళ్లీ ఆగేది. 5,184 గంటలంటే సరిగ్గా 216 రోజులు. లోపలి గంటల లెక్కలో తప్పు. 2012 జనవరిలో 0309 ఫర్మ్‌వేర్ వచ్చాక సర్దుకుంది, డేటా పోలేదు. రెండోది దానికన్నా ఘోరం. 2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ తన సర్వర్ ఎస్‌ఎస్‌డీల్లో కొన్ని మోడళ్లు 32,768 గంటలు నిండగానే పోతాయని ప్రకటించింది. అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు. కంప్యూటర్ లెక్కలు తెలిసినవాళ్లకు ఆ సంఖ్య చూడగానే నవ్వొస్తుంది. రెండును పదిహేనుసార్లు హెచ్చిస్తే వచ్చేది అదే, ప్లస్-మైనస్ గుర్తు కూడా ఉండే 16 బిట్ల గడిలో 32,767కు మించి పట్టదు. పోయిన డిస్క్ తిరిగి రాదు, అందులోని డేటా కూడా రాదు. 2020 మార్చిలో అదే కంపెనీ 40,000 గంటల దగ్గర పోయే ఇంకో రకం గురించి హెచ్చరించింది. ఒకే రోజు కొని ఒకే సర్వర్‌లో పెట్టిన డిస్కులన్నీ దాదాపు ఒకే గంటకు పోతాయి, కాబట్టి రెయిడ్ (ఒక డిస్క్ పోయినా మిగతావి డేటాను కాపాడే ఏర్పాటు) పెట్టుకుని నిశ్చింతగా ఉన్నవాళ్లను కూడా అది కాపాడదు. అక్కడ మందు ఒక్కటే: గంట కొట్టకముందే ఫర్మ్‌వేర్ మార్చడం.

సేటు డిస్క్‌ది అలాంటి జబ్బు కాదు. తర్వాత చూస్తే నడిచిన గంటలు 9,400 చిల్లర. కొత్త ఫర్మ్‌వేర్‌తో కంపెనీ ఇచ్చిన వివరం తీసి చూశాను: "స్థిరత్వం మెరుగుపరిచాం" అనే అర్థం వచ్చే ఒక్క వాక్యం. ఏం చెడితే ఏం బాగుచేశారో చెప్పరు. మందు సీసా మీద "ఆరోగ్యానికి మంచిది" అని మాత్రం రాసినట్టు. దీని మీద నాకు కోపం ఎప్పటినుంచో ఉంది.

తొందరపడి చేసిన ఫోన్

చిరిగిన చిట్టాను నమ్మలేం కాబట్టి కొత్తది కట్టాలి. ప్రతి పేజీ పక్కనా చిన్న ఖాళీ చోటు ఉంటుంది. అక్కడ "నేను ఫలానా నంబరు గదిని" అని రాసి ఉంటుంది. బస్తాకు కట్టిన చీటీ లాంటిది. చిప్పులన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివి, ఆ చీటీలను బట్టి చిట్టా తిరిగి రాసుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం మొదలుపెడితే సోమవారం రాత్రికి అయింది. ఈలోగా మార్కెట్ తెరుచుకుంది. గుమస్తా పాత పద్ధతిలో రిజిస్టర్ తీసి చేత్తో రాయడం మొదలుపెట్టారు. నిజం చెప్పాలంటే ఆయన సంతోషంగానే కనిపించారు.

మంగళవారం పొద్దున డీ డ్రైవ్ తెరుచుకుంది. ఫోల్డర్లు, ఫైళ్ల పేర్లు, తేదీలు అన్నీ ఉన్నాయి. వాళ్లది పాత ట్యాలీ ఈఆర్‌పీ 9. కంపెనీ ఫోల్డర్‌ను వేరే కంప్యూటర్‌లోకి కాపీ చేసి తెరిచాను. ఖాతాలు కనిపించాయి. వెంటనే సేటుకు ఫోన్ చేసి "వచ్చేసింది" అన్నాను. ఇన్నేళ్ల అనుభవంతో చేయకూడని పని అది.

సాయంత్రం గుమస్తా వచ్చి కూర్చున్నారు. చంకలో కార్బన్ కాపీల కట్ట. అరగంట చూశారు. "ఈ పర్వతగిరి రైతుకు ఫిబ్రవరిలనే మొత్తం ముట్టజెప్పినం సార్. ఇందుల ఇంకా బాకీ ఉన్నట్టు చూపిస్తున్నది" అన్నారు. ఇంకో పది నిమిషాలకు ఇంకొకటి పట్టారు. నేను ఫైలు తెరుచుకుంటే చాలనుకున్నాను. ఆయన దాని లోపలి అబద్ధాన్ని పట్టుకున్నారు.

ఏమైందంటే, "పోదు" అన్నాను కదా. కొట్టివేసిన పాత పేజీలు చిప్పుల్లో ఇంకా ఉన్నాయి. వాటి చీటీ మీద కూడా అదే నంబరు ఉంటుంది. ఒకే గది నంబరుతో మూడు నాలుగు పేజీలు దొరికితే ఏది తాజాది? చాలాచోట్ల టూల్ సరిగ్గానే ఎంచుకుంది, కొన్నిచోట్ల పాతదాన్ని తీసుకుంది. ట్యాలీలో ఎంట్రీలన్నీ ఉండే ఫైలు ట్రాన్‌ఎంజీఆర్.900. దానిలో కొన్ని పేజీలు మార్చివి, కొన్ని జనవరివి కలిసిపోయాయి. ఫైలు తెరుచుకుంటుంది, లెక్క మాత్రం తప్పు. డేటా మొత్తం పోవడం కన్నా ఇది ప్రమాదం. పోయిందని తెలిస్తే చేత్తో రాసుకుంటాం. తప్పు లెక్క వచ్చిందని తెలియకపోతే ఇచ్చిన రైతుకే రెండోసారి ఇస్తాం.

మళ్లీ మొదటికి వచ్చాను. ఈసారి బ్లాకులు ఏ వరసలో రాశారో చెప్పే సంఖ్యలను పట్టుకుని, ప్రతి నంబరుకు చివరి పేజీనే తీసుకునేలా సరిచేశాను. ఆ సంఖ్యలు లేని చోట పక్క పేజీలను చూసి చేత్తో తేల్చాల్సి వచ్చింది. బుధ, గురువారాలు దీనికే పోయాయి. ఇంట్లో వాళ్లు నన్ను చూడటమే మానేశారు.

ఇంకో ముడి మిగిలింది. ఒక చిప్‌లో కొన్ని పేజీలు చదువుతుంటే తప్పులు దిద్దలేనన్ని వస్తున్నాయి. ఇది టీఎల్‌సీ ఫ్లాష్, ఒక్కో గడిలో మూడు బిట్లు, అంటే ఎనిమిది వోల్టేజీ మెట్లు. నాలుగేళ్లకు ఆ మెట్లు కాస్త జారతాయి. ఏ మెట్టో తేల్చే కొలత గీతను కొంచెం అటూ ఇటూ జరిపి మళ్లీ మళ్లీ చదివిస్తే కొన్ని దొరుకుతాయి. చిప్ వేడిని మార్చి చదివితే ఇంకొన్ని. ఏసీ గదిలో ఒకసారి, ఏసీ ఆపేసి మార్చి మధ్యాహ్నపు ఉక్కలో ఒకసారి చదివించాను. ఉక్కలోనే ఎక్కువ దొరికాయి. డిస్క్‌కు ఓరుగల్లు ఎండ కలిసొచ్చింది, నాకు కాదు.

ఎంత చేసినా రెండు మార్కెట్ రోజుల ఎంట్రీల్లో కన్నాలు మిగిలాయి. వాటిని అతుకు పెట్టి నింపడానికి నేను ఒప్పుకోలేదు. ఆ రెండు రోజులు పూర్తిగా తీసేసి, కాపీ మీద ట్యాలీ రీరైట్ (డేటా ఫైళ్లను తిరిగి సర్దే పని) నడిపాను. మిగతా 39 రోజుల లెక్కను గుమస్తా శుక్రవారం నుంచి ఆదివారం దాకా కార్బన్ కాపీలతో ఒక్కొక్కటీ సరిపోల్చారు. సరిపోయింది. ఈసారి "వచ్చేసింది" అని చెప్పింది ఆయన, నేను కాదు.

ఎనభై రూపాయల కేబుల్

డేటా ఇచ్చేస్తే నా పని అయిపోయినట్టే. కానీ ఒక ప్రశ్న కుదురుగా ఉండనివ్వలేదు. అసలు నెల రోజులు కంప్యూటర్ ఎందుకు బిగుసుకుపోయింది? ఆ జబ్బుకే కదా ఫర్మ్‌వేర్ మందు వేశారు.

తిరిగి తీసిన సీ డ్రైవ్‌లోనే జవాబు ఉంది. విండోస్ తన ఈవెంట్ లాగ్‌లో అన్నీ రాసుకుంటుంది. తెరిస్తే ఫిబ్రవరి మొదటి వారం నుంచి రోజూ 129 నంబరు ఈవెంట్లు, మధ్యమధ్యలో 153లు. 129 అంటే డిస్క్ జవాబు ఇవ్వక విండోస్ దాన్ని రీసెట్ చేయాల్సి వచ్చిందని, 153 అంటే ఒక చదువో రాతో మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చిందని. డిస్క్ తప్పు కావచ్చు, దారిలో తప్పు కావచ్చు. డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే స్మార్ట్ లెక్కల్లో సీఆర్‌సీ తప్పుల సంఖ్య వేలల్లో ఉంది. అది చిప్పుల జబ్బు కాదు, డిస్క్‌కు, మదర్‌బోర్డుకు మధ్య ప్రయాణంలో డేటా చెడిపోతోందని చెప్పే సంఖ్య.

దుకాణానికి వెళ్లి క్యాబినెట్ తెరిచాను. తెరిచానో లేదో వరసగా ఏడు తుమ్ములు. ఫ్యాన్ రెక్కల మీద, మదర్‌బోర్డు మీద, కేబుల్ మూతుల్లో ఎర్రటి మిర్చి దుమ్ము. సాటా కేబుల్ ఒక వైపు వదులుగా ఊగుతోంది. పరీక్ష కోసం కొత్త ఎస్‌ఎస్‌డీని అదే కేబుల్‌కు తగిలిస్తే సాయంత్రానికి మళ్లీ 129 వచ్చింది. కేబుల్ మార్చాను, సాకెట్ శుభ్రం చేశాను. వారం చూశాం, ఒక్కటి కూడా రాలేదు. కేబుల్ ఖరీదు 80 రూపాయలు.

అంటే కంప్యూటర్ బిగుసుకుపోవడానికి కారణం డిస్క్ జబ్బు కాదు. మందు వేయడం వల్ల ఆసుపత్రి పాలైంది. ఆ సాఫ్ట్‌వేర్ "ఆరోగ్యం బాగుంది" అని చెప్పినప్పుడు నిజమే చెప్పింది, ఎవరూ నమ్మలేదు.

దుకాణంలో ఏం మార్చామంటే, ముందు క్యాబినెట్‌ను కింద నుంచి తీసి గోడ మీద అలమరాలో పెట్టించాను, నెలకోసారి బ్లోయర్ కొట్టమన్నాను. యూపీఎస్ ఉంది గానీ దాని బ్యాటరీ చచ్చి రెండేళ్లయిందట, మార్పించాను. గుమస్తా బ్యాకప్ అలవాటు బంగారం లాంటిది, దాన్ని కదిలించకుండా చోటు మాత్రం మార్చాను: రెండు యూఎస్‌బీ హార్డ్‌డిస్కులు, రోజు విడిచి రోజు మారతాయి, ఒకటి ఎప్పుడూ ఆయన ఇంట్లో. సేటు బ్యాకప్‌కు కూడా ఎస్‌ఎస్‌డీయే కొందామన్నారు, చిన్నగా ఉంటుందని. వద్దన్నాను. చిప్పులకు ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ ప్రకారం ఆయుష్షు అరిగిపోయిన మామూలు ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు డేటా నిలుపుకుంటే చాలు. కొత్తది అంతకన్నా చాలా ఎక్కువే నిలుపుతుంది, నిజమే. కానీ మన ఎండాకాలం 30 దగ్గర ఆగదు, బీరువాలో పడేసి మర్చిపోయే వస్తువుకు నేను హార్డ్‌డిస్కునే నమ్ముతాను.

ఫర్మ్‌వేర్ గురించి తమ్ముడు తనే ఒక కాగితం రాసి మానిటర్ పక్కన అతికించాడు. "డిస్క్ బయట కాపీ ఉందా? ఆ కాపీ వేరే కంప్యూటర్‌లో తెరిచి చూశావా? ఈ అప్‌డేట్ ఏ జబ్బుకు?" కింద ఎర్ర పెన్నుతో: "స్క్రీన్ నల్లగ అయితే టీ తాగి రా." నేను చెప్పాలనుకున్నవన్నీ అందులో ఉన్నాయి. రీస్టార్ట్ కాకుండా పూర్తిగా ఆపి వేయమని కంపెనీ చెప్తే అలాగే చేయమని మాత్రం కలిపాను.

నా ఫీజు విషయంలో సేటు జెండా పాట (యార్డులో ధర తేల్చే వేలం) పెట్టినట్టే మొదలుపెట్టారు. ఆయన నాలుగు వేల దగ్గర, నేను పద్దెనిమిది దగ్గర. గుమస్తా మధ్యలో దగ్గి, "ఆ రిజిస్టర్లన్ని మళ్ల రాయాల్నంటే నాకు మూడు నెలల జీతం సేటు" అన్నారు. పదిహేను దగ్గర కొట్టేశాం. అరకిలో చపాటా మిర్చి కూడా ఇచ్చారు. ఆ రంగు చూస్తే కూర ఎర్రబడుతుంది, కారం మాత్రం మెత్తన.

ఇక మిగిలింది ఆ రెండు రోజుల తక్‌పట్టీలు. మొత్తం 63. గుమస్తా సోమవారం మార్కెట్ అయ్యాక కూర్చుని 62 ఎక్కించారు. ఒక్కదాని కార్బన్ అచ్చు పడలేదు, పేరు తప్ప అంకెలు తెలియడం లేదు. ఆ రైతుది నర్సంపేట వైపు ఊరు. ఫోన్ చేశారు. నేనూ అక్కడే ఉన్నాను, కేబుల్ మార్చాక లాగ్ చూసుకుంటూ.

"మొన్నటి తక్‌పట్టీ ఉన్నదా నీ దగ్గర?"

"పాస్‌బుక్కుల మడిచి పెట్టిన, ఉన్నది. ఏమైంది, పైసలేమన్న ఎక్కువిచ్చిండ్రా?"

"లేదు లేదు, బస్తాలెన్నో చెప్పు జర."

"ముందు ఎందుకో చెప్పు, తర్వాత నేను చెప్త."

గుమస్తా నా వైపు చూశారు. నేను కంప్యూటర్ వైపు చూశాను.